నల్లబండ కనబడుతోందా?

1983 నవంబర్ 2, బుధవారం

ఆర్డెన్ ఈరోజు నా ఇంట్లో తినలేదు.

విమానం దించాడు, టపా సంచీ ఇచ్చాడు, కిరోసిన్ డబ్బాలు దింపాడు, లోపలికి వచ్చి ఎప్పటిలాగే కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. కాల్చిన ఎల్క్ దుప్పి మాంసం పళ్ళెంలో పెట్టి తీసుకెళ్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తినే వచ్చాను వెల్డా. కాఫీ చాలు."

"ఎక్కడ తిన్నావు? మబ్బుల్లోనా?"

"కింద, కొరీన్ దగ్గర. వద్దన్నా వినలేదు, పెట్టేసింది."

వినలేదట. పందొమ్మిదేళ్ళుగా బుధవారం మధ్యాహ్నం అతని భోజనం ఈ బల్ల దగ్గరే. మా ఆయన ఫెరిస్ బతికున్నప్పుడు ముగ్గురం తినేవాళ్ళం, ఫెరిస్ పోయాక ఇద్దరం. గని మూసేసి పనివాళ్ళంతా కొండ దిగిపోయారు. కంపెనీ మా మొగుడూ పెళ్ళాలని కాపలాకి ఉంచింది. ఇప్పుడు తుప్పుపట్టిన మిల్లుకీ ఖాళీ గదులకీ నేనొక్కదాన్నే కాపలా. అన్నీ మారాయి గానీ బుధవారం మారలేదు. కొరీన్ బాయిసీ పట్నం నుంచి వచ్చి లోయ కింద పాత గుర్రాల మకాం కొనుక్కుని ఏడాది దాటిందో లేదో. మొగుణ్ణి వదిలేసి వచ్చిందట. ఆమె వదిలేసిందో, అతనే వదిలించుకున్నాడో ఎవరు చూడొచ్చారు.

నాకేం బాధ లేదు. ఒక పూట మాంసం మిగిలింది, అంతే.

నవంబర్ 3

మిగిలిన మాంసం నేనే తిన్నాను. బాగానే ఉంది. నమలడానికి కాస్త టైం పట్టింది, అంతే.

నవంబర్ 7, సోమవారం

పొద్దున రేడియో. ఈ లోయలో ఉన్న నాలుగు ఇళ్ళూ, కాస్కేడ్ ఊళ్ళో ఆర్డెన్ షెడ్డూ ఒకేసారి వింటాయి. ఒకరు తుమ్మితే అందరికీ తెలుస్తుంది.

"ఆర్డీ, నీ చేతిరుమాలు ఇక్కడ మర్చిపోయావు. ఉతికి మడతపెట్టాను," అంది కొరీన్.

ఆర్డీ! అతని పెళ్ళాం, పాపం ఏనాడో పోయింది, ఆవిడ కూడా ఆర్డెన్ అనే పిలిచేది.

ముసలి టోయివో ఊరుకుంటాడా? లోయ పై కొసన ఒంటరిగా వాగులో బంగారం కోసం ఇసుక కడుక్కుంటూ ఉండే మనిషి, ఇలాంటి మాట కోసమే కాచుకుని ఉంటాడు. "ఏందయ్యో ఆర్డెన్, బట్టలుతికించుకునేదాకా వచ్చిందా యవ్వారం? తర్వాత ఏం మర్చిపోతావు, పేంటా?"

అందరూ నవ్వారు. ఆర్డెన్ కూడా నవ్వాడు. నేను రేడియో కట్టేశాను. వాతావరణం చెబుతారేమోనని మళ్ళీ పెట్టాను.

వాతావరణం అంటే గుర్తొచ్చింది. బుధవారం పొద్దున ఆర్డెన్ ఒక్కొక్కరినీ అడుగుతాడు, మీ దగ్గర ఆకాశం ఎలా ఉంది అని. అందరికీ టపా కావాలి, పొగాకు కావాలి. అందుకని అందరూ ఉన్నదానికంటే బాగుందనే చెబుతారు. టోయివో అయితే టోపీ మీద మంచు దులుపుకుంటూ కూడా "అద్దంలా ఉంది" అంటాడు. ఆర్డెన్ వాళ్ళ మాటలో సగం కొట్టేస్తాడు. నా మాటలో మాత్రం కొట్టెయ్యడు. ఆ సంగతి అతనే ఒకసారి అందరూ వింటుండగా అన్నాడు. నా గుమ్మంలో నిలబడితే ఎదురుగా నల్లబండ కనబడుతుంది. అది కనబడిందంటే లోయ మలుపు దాకా తెరుచుకుని ఉన్నట్టు, కనబడకపోతే మూసుకున్నట్టు. నేను ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ఆమె దగ్గర మెత్తటి రొట్టెలుండొచ్చు. నా దగ్గర నల్లబండ ఉంది.

నవంబర్ 9, బుధవారం

మీసం మీద పంచదార. నా ఇంటికి మీసం మీద పంచదారతో వచ్చాడు.

పైగా నాకూ ఒక పొట్లం తెచ్చాడు. "కొరీన్ పంపింది. దాల్చినచెక్క వేసిన రొట్టెలు. నీకు ఇమ్మంది."

"నాకు రొట్టె చేసుకోవడం రాదనుకుందా?"

"అట్లా ఎందుకనుకుంటుంది వెల్డా? ఊరికే పంపింది."

ఆమెని వెనకేసుకురావడానికి క్షణం కూడా పట్టలేదు. నేను చేసిన పులిసిన పిండి రొట్టె, గట్టి పెచ్చుతో, ఎదురుగానే ఉంది. ముట్టుకోలేదు.

అతను వెళ్ళాక పొట్లం పొయ్యిలో పడేద్దామనుకున్నాను. చెడ్డగా ఉందో లేదో తెలియకుండా పడెయ్యడం న్యాయం కాదని ఒకటి తిన్నాను. మరీ తీపి. రెండోది కూడా అలాగే ఉందేమో చూశాను. మూడోది కూడా.

నవంబర్ 12

మంచు బాగా పడింది. దిగబడకుండా వెడల్పాటి అల్లిక చెప్పులు కట్టుకుని రన్‌వే అంతా తొక్కాను. గనిలోంచి తవ్వి పోసిన రాళ్ళని చదును చేసి ఫెరిస్ వాళ్ళు వేసిన రన్‌వే ఇది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఏటవాలు కాబట్టి ఎగువకి దిగాలి, దిగువకి ఎగరాలి, వేరే దారి లేదు. తొక్కడం అయ్యాక రెండు అంచుల వెంటా ఫర్ చెట్ల కొమ్మలు గుచ్చాను. అంతా తెల్లగా ఉన్నప్పుడు నేల ఎంత కిందుందో పైలట్‌కి తెలియదు. పచ్చ కొమ్మలు కనబడితేనే తెలుస్తుంది.

కొరీన్‌కి ట్రాక్టర్ ఉంది. చలికి స్టార్ట్ కావడం లేదని ఆర్డెన్‌ని పిలిచి బాగు చేయించుకుంది, రేడియోలో విన్నాను. నాకు నడుం విరిగిపోతోంది. నేను ఎవరినీ పిలవలేదు.

ఫెరిస్ పోయిన రోజు టపా రోజు కాదు. ఆర్డెన్ అయినా వచ్చాడు. శవాన్ని వెనక సామాన్ల చోట పెడతాడనుకున్నాను. తన పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టాడు. "ఫెరిస్ ఎప్పుడూ ముందే కూర్చునేవాడు," అన్నాడు. నేను వెనక టపా సంచుల మీద కూర్చుని ఊరిదాకా ఆ రెండు తలలూ చూస్తూ వెళ్ళాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో తెలియదు.

నవంబర్ 16, బుధవారం

ఈరోజు జరిగింది నేను మర్చిపోను.

రేడియోలో అతను ముందు కొరీన్‌ని పిలిచాడు. "కొరీన్, నీ దగ్గర ఎలా ఉంది? పైకి లోయ ఎలా కనబడుతోంది?"

పైకి లోయ! అంటే నా సంగతి ఆమెని అడిగాడు. మైకు లాక్కున్నంత పని చేశాను. "పై సంగతి పైనున్నవాళ్ళని అడగరా ఈమధ్య?"

"నువ్వింకా రేడియో పెట్టలేదేమో అనుకున్నా వెల్డా."

"బుధవారం నేను రేడియో పెట్టని రోజు ఉందా?"

గరగరమన్న చప్పుడు. తర్వాత, "లేదు," అన్నాడు. "నల్లబండ కనబడుతోందా?"

"కనబడుతోంది."

అప్పుడు కొరీన్ అందుకుంది. "అందరూ వింటున్నారా? వచ్చే గురువారం థాంక్స్‌గివింగ్ పండగ భోజనం నా దగ్గరే. ఆర్డీ బుధవారం టపా పంచాక విమానం ఇక్కడే పెట్టేసి ఉండిపోతాడు. వెల్డా మేడమ్, మీరూ రావాలి. ఆర్డీ తీసుకొస్తాడు."

"నాకు పనుంది," అన్నాను.

"మూసేసిన గనిలో ఏం పని మేడమ్?"

ఆమె ఎగతాళికి అనలేదేమో. కానీ టోయివో పకపకా నవ్వాడు. "దయ్యాలకి కాపలా కాయాలి మరి!"

ఉండిపోతాడట. ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ అతను తన చెల్లెలి ఇంటికి వెళ్ళేవాడు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఉండమని అడగలేదు. అడగొచ్చని నాకు తోచలేదు.

నవంబర్ 17

కొరీన్ గురించి ఈ డైరీలో ఇక ఒక్క ముక్క రాయను.

నవంబర్ 18

జుట్టుకి రంగు వేసుకుంటుంది. మొన్న విమానంలో ఆమె సామాన్లలో ఆ డబ్బా చూశాను.

నవంబర్ 22, మంగళవారం

చలి గదిలోంచి ఎల్క్ తొడ మాంసం తీసి లోపల పెట్టాను. ఒక్క మనిషికి ఎక్కువే, తెలుసు. నాలుగు రోజులు తింటాను. రెండో గదిలో మంచం మీద దుప్పట్లు కూడా మార్చాను. ఎప్పటినుంచో మార్చాలనుకుంటున్నాను. ఆ పొయ్యి కూడా ఒకసారి వెలిగించి చూశాను, పని చేస్తోంది.

గాలి పడమటి నుంచి తిరిగింది. మబ్బు కిందికి దిగుతోంది.

నవంబర్ 23, బుధవారం

అతను బయట షెడ్డులో ఉన్నాడు. మంచులో దిగడానికి విమానం చక్రాల దగ్గర కట్టే స్కీ పలక విరిగింది, దాన్ని చూస్తున్నాడు. వచ్చేలోపు రాసేస్తాను.

పొద్దున గుమ్మంలో నిలబడ్డాను. రన్‌వే కనబడింది, కొమ్మలు కనబడ్డాయి. కొమ్మల చివర తెలుపు తప్ప ఏమీ లేదు. సన్నగా మంచు పడుతోంది. ఇలాంటిది తేలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఒక్కోసారి పట్టదు.

రేడియోలో మొదట నన్నే పిలిచాడు. "వెల్డా, నల్లబండ కనబడుతోందా?"

"కనబడుతోంది," అన్నాను.

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తెలియదు. పండగకి అతను నా దగ్గర చిక్కుకుపోవాలని నేను అనుకోలేదు. అలాంటి ఆలోచనే లేదు. కాసేపట్లో తేలిపోతుందని అనుకున్నాను.

కొరీన్ మధ్యలో వచ్చింది. "ఆర్డీ, ఇక్కణ్ణుంచి చూస్తే పైన అంతా మూసుకుపోయింది. మలుపు కూడా కనబట్టం లేదు. వెళ్ళకు. నా దగ్గర దిగు, తేలాక వెళ్దువుగాని."

దిగు. నా దగ్గర దిగు.

అతను ఆలోచించను కూడా లేదు. "నీకు అక్కణ్ణుంచి తెలీదు కొరీన్. వెల్డా కనబడుతోందంటే కనబడుతున్నట్టే. బయల్దేరుతున్నా."

మైకు నా చేతిలోనే ఉంది. బొత్తాం నొక్కాను. ఆగు ఆర్డెన్, అని ఒక్క మాట అంటే చాలు. అందరూ వింటున్నారు, ఆమె కూడా. అందరి ముందూ నా గురించి అంత మాట అన్నాక, అదీ ఆమెతో అన్నాక, కాదని ఎలా చెప్పను? బొత్తాం వదిలేశాను.

ఆ తర్వాత మళ్ళీ పిలిచాను. పిలిచాను, దేవుడి సాక్షిగా. అప్పటికి అతను ఎగిరిపోయాడు, కొండల మధ్య నా రేడియో అందదు.

పాత కంబళ్ళన్నీ రన్‌వే పై కొసకి లాక్కెళ్ళి కిరోసిన్ పోసి అంటించాను. మంటన్నా కనబడుతుందని. చప్పుడు వినబడింది. మలుపు దగ్గర సన్నబడింది. వెనక్కి తిరిగాడు, బతికాడు అనుకున్నాను. నిజంగా సంతోషించాను. అంతలో చప్పుడు మళ్ళీ దగ్గరకొచ్చింది, పైన ఎక్కడో, మబ్బులో, కొండకి మరీ దగ్గరగా. నేను అరిచాను. ఎవరికి వినబడుతుంది?

తెలుపులోంచి ఊడిపడ్డట్టు వచ్చాడు, ఎడమకి మరీ ఒరిగిపోయి. ఎడం స్కీ రాళ్ళగుట్ట అంచుకి తగిలి విరిగింది. విమానం పక్కకి ఈడ్చుకుపోయి నా కొమ్మలన్నీ తుడిచేసి ఆగింది. నేను చేరేసరికి చేతులు ఇంకా స్టీరింగు మీదే ఉన్నాయి.

దిగాడు. దెబ్బలేమీ లేవు. నల్లబండ ఉండాల్సిన వైపు తిరిగి చూశాడు. తెల్లటి గోడ. చాలాసేపు అలాగే చూశాడు.

"కాఫీ ఉందా?" అన్నాడు.

నవంబర్ 24, థాంక్స్‌గివింగ్

అతను ఇక్కడే ఉన్నాడు. పండగ నా బల్ల దగ్గరే. ఇలా రాసి చూసుకోవడం కూడా బాగుంది.

పొద్దున రేడియోలో కొరీన్ గొంతు బొంగురుగా ఉంది. ఏడ్చినట్టుంది. "దేవుడు కాపాడాడు ఆర్డీ," అంది. తర్వాత నాతో, "మేడమ్, ఆయనకి కాస్త మెత్తగా ఏదన్నా పెట్టండి," అంది.

ఒళ్ళు మండిపోయింది. "ఆయన ఏం తింటాడో నాకు నువ్వు చెప్పాలా?" అని కట్టేశాను.

మధ్యాహ్నం తొడ మాంసం కోసి పెట్టాను. చిన్న ముక్క నోట్లో పెట్టుకుని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి తిప్పుతున్నాడు. రొట్టె కాఫీలో ముంచాడు. నేను చూడనప్పుడు ముక్క తీసి పళ్ళెం అంచు కింద దాచాడు. నేను చూశాను.

"ఏమిటి సంగతి? మెత్తగా పెట్టమంది ఎందుకు?"

అతని మొహం ఎర్రగా అయిపోయింది. జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. అందులో పళ్ళు.

"పోయిన నెలాఖర్లో అన్నీ పీకేశారు వెల్డా. ఇవి పెట్టుకుంటే చిగుళ్ళు కోసుకుపోతన్నాయి. నీ మాంసం, నీ రొట్టె... నా వల్ల కావట్లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్టా చెప్పను? నీ ఎదురుగా బోసినోరేసుకుని కూర్చోమంటావా?"

"ఆవిడ ఎదురుగా కూర్చున్నావుగా!"

"ఆవిడైతే ఏముంది?" అన్నాడు. నిజంగా అర్థం కానట్టు మొహం పెట్టాడు.

ఆవిడైతే ఏముంది. ఈ మాట ఇందాకటి నుంచి ఎన్నిసార్లు అనుకున్నానో. నేను నవ్వాను, అతనూ నవ్వాడు, పళ్ళు లేకుండానే. మాంసం సన్నగా తరిగి మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. ఫెరిస్ పోయాక ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ పళ్ళ కోసమా నేను ఆ పని చేసింది?

నవంబర్ 25

స్కీకి కొత్త కర్ర చెక్కుతూ మొదలుపెట్టాడు. తలెత్తలేదు.

"మలుపు దగ్గర తిరిగిపోదామనుకున్నా. వెనక్కి తిరగడానికి అదే ఆఖరి చోటు. సగం తిరిగాను కూడా. వెల్డా చెప్పిందిగా, ఇది దాటితే బండ కనబడుద్ది అనుకుని మళ్ళీ ముందుకొచ్చా."

నేను కింద పడ్డ చెక్క పేళ్ళు ఏరుతున్నాను.

"నువ్వు చెప్పాక మూసుకుపోయి ఉంటది," అన్నాడు. "ఈ లోయలో అట్టాగే అవుద్ది. ఒక్క క్షణంలో."

అతనే దారి చూపించాడు. తలుపు తెరిచి పట్టుకున్నట్టు. నేను నిజం చెప్పి ఉండాల్సింది. కొరీన్ మాట వినకుండా నా మాట విన్న మనిషికి, ఆ మాట అబద్ధమని ఏ నోటితో చెప్పను?

"అవును," అన్నాను. "అప్పుడే మూసుకుపోయింది."

తలెత్తి నన్ను చూశాడు. ఎంతోసేపు కాదు.

"అంతే అయ్యుంటది," అని మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు. భోజనాల దగ్గర పళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

నవంబర్ 26

తేలింది. కాస్కేడ్ నుంచి మెకానిక్ ఇంకో విమానంలో సామాను తెచ్చాడు. వెళ్ళిపోయారు. రెండో గదిలో దుప్పట్లు చక్కగా మడతపెట్టి ఉన్నాయి.

నవంబర్ 28

రేడియోలో అందరూ దాని గురించే. "ఈ లోయ అంతే, కన్నుమూసి తెరిచేలోపు మూసుకుపోద్ది," అన్నాడు టోయివో. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఆర్డెన్ వాళ్ళకి అలాగే చెప్పాడన్నమాట.

నవంబర్ 30, బుధవారం

ఆకాశంలో మబ్బు తునక లేదు. పొగ నిటారుగా లేస్తోంది. నల్లబండ ఎంత దగ్గరగా ఉందంటే దాని పగుళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు.

"వెల్డా, ఎలా ఉంది?"

"బాగా తెరిపిగా ఉంది. నల్లబండ కనబడుతోంది."

రేడియో కాసేపు గరగరమంది. "కొరీన్, నీకు పైన ఎలా కనబడుతోంది?"

ఎవరూ నవ్వలేదు. టోయివో కూడా.

"నాకిక్కణ్ణుంచి ఏం తెలుస్తుంది ఆర్డీ?" అంది కొరీన్. "ఆవిడ ఎదురుగా కూర్చునుంది. ఆవిడ చెప్పిందిగా, వెళ్ళు."

నా పరువు కాపాడటానికి చివరికి ఆమె దిక్కయింది. ఆమెని ఇంతకుముందు ఎన్నిసార్లు తిట్టుకున్నానో గానీ ఇంతగా ఎప్పుడూ అసహ్యించుకోలేదు. ఎందుకంటే ఆ మాట ఆమె మనస్ఫూర్తిగా అంది.

చప్పుడు మలుపు దాటగానే బయటికి వెళ్ళి చెయ్యి ఎత్తాను. మిగతా అన్ని చోట్లా అతను ముందు ఒక చుట్టు తిరిగి, నేల తన కళ్ళతో చూసుకుని అప్పుడు దిగుతాడు. నా దగ్గర మాత్రం తిరగడు. మలుపు దాటి తిన్నగా వచ్చి దిగుతాడు, మంచులోనూ అంతే, ఎండలోనూ అంతే. ఈరోజు విమానం నా ఇంటికప్పు మీదుగా పోయింది. నల్లబండ దాకా పోయి వంపు తిరిగి, రన్‌వేని ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసుకుంటూ వెనక్కి వచ్చింది. కొత్త కొమ్మలు పచ్చగా నిలబడి ఉన్నాయి. నేను చెయ్యి దించడం మర్చిపోయి నిలబడ్డాను. రెండో చుట్టు కూడా తిరిగాడు.

చెంచాతో నొక్కితే విడిపోయేలా పొద్దున్నించీ ఉడికించిన మాంసం పెట్టాను. కొరీన్ దగ్గర ఆగకుండా ఆకలితో వచ్చానన్నాడు. రెండుసార్లు వడ్డించుకున్నాడు. చాలా బాగుందన్నాడు. చుట్ల సంగతి అతను ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆ చప్పుడు లోయంతా వినబడి ఉంటుంది. కింద ఆమెకి కూడా. రేపు రేడియోలో ఎవరైనా అడిగితే, రన్‌వే మీద ఎల్క్‌ల మంద నిలబడి ఉంటే అవి కదిలేదాకా చుట్లు తిరిగాడని చెబుతాను.